మార్కు సువార్త ముగింపు: స్త్రీల మౌనం – పూరణ వాక్యాలు – నేటి పఠనం

వ్యాససంగ్రహం:

నాలుగు సువార్తలలో మొదట రచింపబడినదిగా అధికసంఖ్యాక పండితులు భావించే మార్కు సువార్త, లభ్యమైన అతి ప్రాచీన ప్రతులలో 16వ అధ్యాయం 8వ వాక్యంతో ఆగిపోతుంది. ఖాళీ సమాధిని చూసిన స్త్రీలు భయపడి, చెప్పమన్న మాటను ఎవరికీ చెప్పకుండా పారిపోవడమే అక్కడి చివరి దృశ్యం. నేటి ముద్రణలలో కనిపించే 9 నుంచి 20 వరకు గల వాక్యాలు తర్వాతి కాలపు పూరణ. ఈ ముగింపును కథన నిర్మాణం దృష్ట్యా పరిశీలించి, స్త్రీల మౌనాన్ని దోషంగా చదివే అలవాటును పునర్విచారించడం, పూరణ వాక్యాలను నేటి పాఠకుడు ఎలా స్వీకరించాలో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు తెలుగు సాహిత్యవిమర్శకు సుపరిచితమైన పూరణ, ఫలశ్రుతి, సాత్త్వికభావాల వంటి భావనలను పరిమితంగా వినియోగించుకున్నాను.

కీలకపదాలు: మార్కు సువార్త, పాఠవిమర్శ, పూరణ, కథనం, ముగింపు, మౌనం, ఫలశ్రుతి.

1. ఉపోద్ఘాతం:

సువార్తలను ఆరాధనలో వినేవారు, విశ్వాసంతో చదివేవారు, చరిత్ర ఆధారాలుగా పరిశీలించేవారు ఉన్నారు. వాటిని కథనాలుగా చదివే పద్ధతి విద్యారంగంలో 20వ శతాబ్ది చివరి దశకాలలో బలపడింది. ఫ్రాంక్ కెర్మోడ్ 1979లో ప్రచురించిన ‘ది జెనిసిస్ ఆఫ్ సీక్రెసీ’, డేవిడ్ రోడ్స్, డోనాల్డ్ మిషీ 1982లో వెలువరించిన ‘మార్క్ యాజ్ స్టోరీ’ ఈ దిశలో ముఖ్యమైన గ్రంథాలు. పాత్రలు, సంఘటనల క్రమం, పునరుక్తులు, కథకుడు చెప్పినవి, చెప్పక విడిచినవి – వీటిని ఆధారం చేసుకొని అర్థాన్ని అన్వేషించడం ఈ పద్ధతి లక్షణం. కావ్యవిమర్శ చదువుకున్న తెలుగు పాఠకునికి ఇది కొత్త విద్య కాదు.

ఈ పద్ధతికి మార్కు ముగింపు గట్టి పరీక్ష. ముగింపు ఎక్కడుందో తేల్చుకోకుండా కథ అర్థాన్ని తేల్చలేం. అది ఎక్కడుందన్న ప్రశ్నకు ప్రాచీన ప్రతులు ఒకే సమాధానం ఇవ్వవు. అందువల్ల ఇక్కడ పాఠవిమర్శ, కథనవిమర్శ కలిసి నడవవలసి ఉంటుంది.

2. ప్రతుల సాక్ష్యం:

4వ శతాబ్దికి చెందిన రెండు ప్రసిద్ధ గ్రీకు చర్మపత్ర ప్రతులు – వాటికన్ ప్రతి, సీనాయి ప్రతి – మార్కు సువార్తను 16:8తో ముగిస్తాయి. సిరియా భాషలోని ప్రాచీన సీనాయి ప్రతి కూడా అక్కడే ఆగుతుంది. గ్రీకు వాటికన్ ప్రతిలో ఒక విశేషముంది. మార్కు ముగిసిన తర్వాత లేఖకుడు ఒక నిలువు వరుసను పూర్తిగా ఖాళీగా విడిచి, లూకా సువార్తను తర్వాతి పుటలో ప్రారంభించాడు. ఆ ప్రతి కొత్త నిబంధన భాగంలో ఒక గ్రంథం ముగిస్తే సాధారణంగా పక్క వరుసలోనే మరొకటి మొదలవుతుంది. కాబట్టి ఇంకొక ముగింపు ఉన్నదని లేఖకునికి తెలుసునేమో అన్న ఊహకు ఈ ఖాళీ అవకాశమిస్తుంది. నిర్ధారణకు మాత్రం చాలదు. 4వ శతాబ్ది ఆరంభంలో యూసేబియస్, ఆ తర్వాత జెరోమ్ తమకు తెలిసిన గ్రీకు ప్రతులలో అధికభాగం స్త్రీల భయంతోనే ముగుస్తున్నట్లు పేర్కొన్నారు.

మరోవైపు 9–20 వాక్యాల ‘దీర్ఘ ముగింపు’ కూడా ప్రాచీనమైనదే. సుమారు సా.శ. 180లో ఐరేనియస్ అందులోని ఒక వాక్యాన్ని మార్కు మాటగానే ఉదాహరించాడు. తర్వాతి శతాబ్దాలలో లిఖితమైన ప్రతులలో అత్యధికం దీనిని కలిగి ఉన్నాయి. ఇది కాక ‘హ్రస్వ ముగింపు’ అని పిలిచే మరొక పూరణ ఉంది. స్త్రీలు పేతురు వద్ద ఉన్నవారికి సంగతిని క్లుప్తంగా తెలిపారని, ఆ తర్వాత యేసు తన శిష్యుల ద్వారా రక్షణ సందేశాన్ని తూర్పు నుంచి పడమర వరకు పంపాడని దాని సారాంశం. బాబియో మఠానికి చెందిన లాటిన్ ప్రతిలో ఈ హ్రస్వ ముగింపు ఒక్కటే కనిపిస్తుంది. ఆ ప్రతి మరొక పని కూడా చేసింది. స్త్రీలు ఎవరికీ ఏమీ చెప్పలేదన్న మాటను 8వ వాక్యం నుంచి తొలగించింది. చెప్పలేదని ఒక వాక్యంలోను, చెప్పారని తర్వాతి వాక్యంలోను ఉంటే పొసగదు గదా! అతుకు కనిపించకుండా చేయడానికి మూలాన్నే సవరించిన ఉదాహరణ ఇది.

దీర్ఘ ముగింపులో అతుకు స్పష్టంగానే కనిపిస్తుంది. 16:1లో పేరుతో సహా పరిచయమైన మగ్దలేనే మరియను 16:9 మళ్ళీ కొత్తగా పరిచయం చేస్తూ, ఆమె నుంచి ఏడు దయ్యాలు వెళ్ళగొట్టబడిన సంగతి తెలుపుతుంది. మిగిలిన ఇద్దరు స్త్రీల ప్రస్తావన ఉండదు. గలిలయలో కలుసుకుంటారన్న వాగ్దానం ఊసే ఉండదు. మరియకు దర్శనం, దారిన పోయే ఇద్దరికి దర్శనం, పదకొండుమందికి మందలింపు, లోకమంతటికి వెళ్ళమన్న ఆజ్ఞ, ఆరోహణం – ఇవన్నీ ఇతర సువార్తలలో విస్తరించి ఉన్న సంఘటనల సంక్షేపంలా వరుసగా వస్తాయి. జేమ్స్ కెల్‌హోఫర్ 2000లో వెలువరించిన పరిశోధనలో, ఈ భాగ రచయితకు నాలుగు సువార్తలూ తెలుసునని, రచనాకాలం 2వ శతాబ్ది పూర్వార్ధమని ప్రతిపాదించాడు.

3. మూడు ఆక్షేపణలు:

8వ వాక్యంతో గ్రంథం ముగియగలదా అన్న సందేహానికి ప్రధానంగా మూడు కారణాలు చూపుతారు. మొదటిది వ్యాకరణానికి సంబంధించినది. గ్రీకులో చివరి పదం ‘గార్’. కారణాన్ని సూచించే అవ్యయమది. అటువంటి పదంతో ఒక గ్రంథం ముగియడం అసహజమని వాదన. 1972లో పి. డబ్ల్యు. వాన్ డెర్ హోర్స్ట్ దీనికి సమాధానమిచ్చాడు. వాక్యం ‘గార్’తో ముగియగలిగినప్పుడు గ్రంథం ముగియడానికి అభ్యంతరం ఉండనవసరం లేదని వాదిస్తూ, ప్లొటైనస్ తాత్త్విక వ్యాసమొకటి అదే పదంతో ముగియడాన్ని చూపాడు. అది అరుదైన విషయమే, అసాధ్యం కాదు.

రెండవది ప్రతి నష్టానికి సంబంధించినది. పుస్తకరూపంలో ఉన్న ప్రతికి చివరి పత్రం ఊడిపోవడం తేలిక. 2003లో క్లేటన్ క్రాయ్ ఈ వాదాన్ని విస్తృతంగా సమర్థించాడు. దీనిని తేలికగా తోసిపుచ్చలేం. అయితే ఊడిపోయిన పత్రంలో ఏముండేదో చెప్పడం సాధ్యం కాదు. విమర్శకుని ముందున్నది 8వ వాక్యంతో ఆగిన పాఠం. తొలి శతాబ్దాల పాఠకులలో గణనీయమైన భాగం చదివిందీ ఆ పాఠాన్నే. రచయిత సంకల్పం ఏమైనప్పటికీ, ఆ పాఠం తన రూపంలో ఏ అర్థాన్నిస్తుందో పరిశీలించడం విమర్శకు విధాయకమే.

మూడవది ఔచిత్యానికి సంబంధించినది. శుభవార్తగా ప్రారంభమైన గ్రంథం భయంతో ఎలా ముగుస్తుందన్నది దీని సారం. మంగళాంతంగా కృతిని ముగించే సంప్రదాయంలో పెరిగిన మనకు ఈ ఆక్షేపణ అన్నింటికన్నా సహజంగా తోస్తుంది. దీనికి సమాధానం కథనంలోనే వెతకాలి.

4. కథనంలో మౌనం, భయం:

4.1 ఆజ్ఞల తారుమారు: మార్కు కథనంలో యేసు తన మహిమను గురించి చెప్పవద్దని పదేపదే ఆజ్ఞాపిస్తాడు. 1901లో విలియమ్ వ్రేడె ఈ అంశాన్ని గుర్తించి చర్చించిన నాటి నుంచి ఇది సువార్త పరిశోధనలో కేంద్ర సమస్యగా ఉంది. మొదటి అధ్యాయంలో స్వస్థత పొందిన కుష్ఠరోగిని ఎవరికీ ఏమీ చెప్పవద్దంటాడు యేసు. అతడు వెళ్ళి అందరికీ చాటుతాడు. చివరి అధ్యాయంలో సమాధిలోని యువకుడు స్త్రీలను వెళ్ళి చెప్పమంటాడు. వారు ఎవరికీ ఏమీ చెప్పరు. ఈ రెండు చోట్లా గ్రీకు మూలం ఒకే తీరు పదబంధాన్ని, రెండు నిషేధార్థక సర్వనామాలను పక్కపక్కన చేర్చి, వాడింది. గ్రీకులోని ఈ జంట నిషేధం తెలుగులో ‘ఎవరికీ ఏమీ’ అనగానే సహజంగా ఒదిగిపోతుంది. వద్దన్నప్పుడు మాటాడినవాడు ఆదిలో, చెప్పమన్నప్పుడు మాటాడనివారు అంతంలో! ఇంత పొందికైన తారుమారు చిరిగిన పత్రం వల్ల యాదృచ్ఛికంగా ఏర్పడిందనుకోవడం కష్టం.

4.2 పారిపోయినవారు ఎవరు?: స్త్రీలు పారిపోయారని చెప్పడానికి వాడిన క్రియనే కథకుడు 14వ అధ్యాయంలో శిష్యులందరూ యేసును విడిచి పారిపోయినప్పుడు వాడాడు. నారబట్టను విడిచి దిగంబరంగా పరుగెత్తిన యువకునికీ అదే క్రియ. ఈ వరుసలో స్త్రీలు చివరివారు. పురుషులు బంధించే సమయానికే వెళ్ళిపోగా, స్త్రీలు మరణాన్ని దూరం నుంచి చూశారు, సమాధి చేసిన చోటును గుర్తుపెట్టుకున్నారు, సుగంధద్రవ్యాలు కొని తెల్లవారుతుండగానే వచ్చారు. గలిలయలో ఉన్ననాటి నుంచి వారు యేసును వెంబడించి సేవచేసినవారని 15:41 తెలుపుతుంది. వారి పరుగును స్త్రీస్వభావ చాపల్యంగా వ్యాఖ్యానిస్తే ఈ వరుసను మరచినట్లే. చివరిదాకా నిలిచినవారు సైతం నిలవలేకపోయారన్నది కథకుడు చూపే సత్యం. మనుషుల స్థైర్యంపై ఆధారపడిన ఆశ అక్కడితో అడుగంటుతుంది.

4.3 భయం ఏ భావం?: 8వ వాక్యం స్త్రీలలో వణుకును, దిగ్భ్రమను, భయాన్ని కలిపి చెప్పింది. మన అలంకారశాస్త్రం వణుకును ‘వేపథువు’ అనే సాత్త్వికభావంగా గుర్తించింది. ఒక సాత్త్వికభావం ఒకే రసానికి చెందదు. అది ఏ స్థాయిభావాన్ని పోషిస్తున్నదో సందర్భమే నిర్ణయిస్తుంది. మార్కు ఈ శాస్త్రాన్ని ఎరుగడు. అతని కథనాన్ని రసచట్రంలో ఇమడ్చడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ వివేకం ఇక్కడ ఉపకరిస్తుంది. మార్కులో భయం ఎప్పుడెప్పుడు కలుగుతుందో చూడండి. తుఫాను అణగిన తర్వాత శిష్యులు మిక్కిలి భయపడతారు. దయ్యాలు పట్టినవాడు స్వస్థచిత్తుడై కూర్చోవడం చూసి గెరాసేనుల ప్రాంతంవారు భయపడతారు. రూపాంతరం చూసిన పేతురుకు భయంవల్ల ఏం మాట్లాడాలో తోచదు. అపాయం గడిచిన తర్వాతనో, అద్భుతం ఎదురైనప్పుడో ఈ భయాలు కలుగుతున్నాయి. సమాధి వద్ద భయం కూడా ఈ కోవలోనిదే. విస్మయం స్థాయిగా గల భయమది; పిరికితనమనే మాట దానికి సరిపోదు.

5వ అధ్యాయంలో రక్తస్రావరోగంతో బాధపడిన స్త్రీ ఇందుకు మంచి తులన. ఆమె కూడా భయంతో, వణుకుతో వస్తుంది. కానీ ముందుకు వచ్చి నిజమంతా చెప్పేస్తుంది. భయపడ్డ స్త్రీ మాట్లాడగలదని కథకుడు ముందే చూపాడు. సమాధి నుంచి పరుగెత్తినవారి మౌనాన్ని చదివే శ్రోతకు ఆ పాత దృశ్యం గుర్తుండాలి. ఇప్పుడు మౌనంగా ఉన్నవారు ఎప్పటికీ మౌనంగానే ఉండిపోతారని ఆ కథకుడు ఎక్కడా అనలేదు.

4.4 కథే సాక్ష్యం: స్త్రీలు ఎన్నటికీ నోరు విప్పకపోతే సమాధి వద్ద జరిగినది కథకునికి ఎలా తెలిసింది? ఈ ప్రశ్నను పాఠకుని మనసులో మిగల్చడమే ఈ ముగింపు చేసే పని. పైగా మార్కులో యేసు ముందుగా చెప్పినవి ఒక్కొక్కటిగా జరుగుతూ వస్తాయి. అప్పగింత, మరణం, శిష్యులు చెదరిపోవడం, పేతురు మూడుసార్లు కాదనడం – అన్నీ కథలోనే నెరవేరాయి. గలిలయకు ముందుగా వెళ్తానన్న 14:28లోని మాట ఒక్కటే నెరవేరినట్లు చూపకుండా మిగిలిపోయింది. నెరవేరిన వరుసను చూసిన పాఠకుడు ఈ ఒక్కదానిని నమ్మాలో లేదో తానే నిర్ణయించుకోవాలి. యువకుడు స్త్రీలకు అప్పగించిన వార్తను విన్నవారు స్త్రీలు మాత్రమే కాదు. పాఠకుడు కూడా విన్నాడు. చెప్పవలసిన బాధ్యత ఇప్పుడు అతని ముందున్నది.

4.5 తెలుగు వాక్యక్రమం: ఇక్కడ అనువాదకునికి ఒక చిక్కుంది. గ్రీకులో మౌనం ముందు, భయం తర్వాత వస్తాయి. తెలుగు సహజ వాక్యంలో కారణం ముందు, ప్రధానక్రియ చివర వస్తాయి. భయపడినందువల్ల చెప్పలేదని అనగానే గ్రంథం మౌనంతో ముగుస్తుంది. గ్రీకు శ్రోత చెవిలో చివరగా మిగిలేది భయం. తెలుగు శ్రోత చెవిలో మిగిలేది చెప్పకపోవడం. తెలుగులో స్త్రీల ‘వైఫల్యం’ మరింత ప్రస్ఫుటం కావడానికి ఈ క్రమం కొంత దోహదం చేస్తుందని నా అభిప్రాయం. రెండు వాక్యాలుగా విడదీసి, భయాన్ని చివర నిలిపితే మూలంలోని ధ్వని కొంత నిలుస్తుంది.

5. పూరణ – తొలి వ్యాఖ్యానం:

మత్తయిలో స్త్రీలు భయంతోపాటు మహానందంతో చెప్పడానికి పరుగెత్తుతారు. లూకాలో చెబుతారు, అపొస్తలులు ఆ మాటలను వట్టివిగా భావిస్తారు. యోహానులో మగ్దలేనే మరియ ఒక్కతే వెళ్ళి ప్రకటిస్తుంది. మార్కు తర్వాత వ్రాసిన సువార్తలు ఆ మౌనాన్ని అలాగే కొనసాగించలేదన్నమాట. దీర్ఘ, హ్రస్వ ముగింపుల కర్తలు అదే పనిని గ్రంథం వెలుపల కాక గ్రంథంలోపలే చేశారు. ఆ దృష్టితో చూస్తే ఈ పూరణలు మార్కు ముగింపుపై వెలువడిన తొలి వ్యాఖ్యానాలు.

పూరణ మనకు పరాయిది కాదు. నన్నయ అరణ్యపర్వంలో విడిచిన భాగాన్ని ఎఱ్ఱన రాజరాజనరేంద్రుని పేరిటనే, నన్నయ రచనలో కలిసిపోయేలా పూరించాడు. పోతన భాగవతంలో శిథిలమైన భాగాలను గంగన, సింగన, నారయ పూర్తిచేశారు. ఈ పూరణలను మనం తొలగించలేదు. అతుకు ఎక్కడుందో మరువనూ లేదు. ఎవరి పద్యం ఎవరిదో తెలిసి చదవడం వల్ల నన్నయ గౌరవం గాని ఎఱ్ఱన గౌరవం గాని తగ్గలేదు. మార్కు విషయంలో భేదం ఏమంటే పూరణకర్త పేరు ప్రతులలో స్థిరంగా నిలవలేదు, అతుకు సాధారణ పాఠకుని దృష్టికి రాలేదు.

దీర్ఘ ముగింపులోని 17, 18 వాక్యాలు విశ్వసించినవారిని అనుసరించే సూచకక్రియలను వరుసగా చెబుతాయి. దయ్యాలను వెళ్ళగొట్టడం, కొత్త భాషలు మాట్లాడటం, పాములను పట్టుకోవడం, విషం త్రాగినా హాని కలగకపోవడం, రోగులను స్వస్థపరచడం వాటిలో ఉన్నాయి. పురాణాంతంలోని ఫలశ్రుతిని ఇది తలపిస్తుంది. ఫలశ్రుతి గ్రంథాన్ని చదివినవారికి, విన్నవారికి ఫలం చెబుతుంది. ఈ వాక్యాలు విశ్వాసులకు గుర్తులు చెబుతాయి. ఆ భేదాన్ని గమనిస్తూనే రెండింటి కథనధర్మం సమీపమైనదని చెప్పవచ్చు. తెరచి ఉన్న కథను మూసి, వినేవారికి భరోసా ఇచ్చి పంపడమే ఆ ధర్మం.

6. నేటి పాఠకునికి ఏమిటి?:

ఫలశ్రుతిని విధివాక్యంగా చదివితే ఏమవుతుందో అమెరికాలోని అపలేచియన్ పర్వత ప్రాంత చరిత్ర చెబుతుంది. 20వ శతాబ్ది తొలి దశకాలలో టెనెసీ ప్రాంతంలో జార్జ్ వెంట్ హెన్స్‌లీ 16:18 ఆధారంగా ఆరాధనలో విషసర్పాలను పట్టుకునే ఆచారాన్ని ప్రచారం చేశాడు. అతడు 1955లో ఫ్లోరిడాలో పాముకాటుతోనే మరణించాడు. ఆ ఆచారంలో మరికొందరు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. పాఠవిమర్శ పండితుల కాలక్షేపం మాత్రమే కాదనడానికి ఇంతకన్నా నిదర్శనం అవసరం లేదు.

16వ వాక్యం సంగతి వేరు. నమ్మనివారికి శిక్ష తప్పదన్న ఆ మాట మతవాదోపవాదాలలో తరచుగా వినిపించేదే. ఒకరు హెచ్చరికగా, మరొకరు అసహనానికి సాక్ష్యంగా దానిని ఉదాహరించవచ్చు. అనేక మతాలవారు ఇరుగుపొరుగున జీవించే మన సమాజంలో ఆ వాక్యం ప్రతుల చరిత్ర ఉభయపక్షాలకూ తెలిసి ఉండటం మేలు.

దీనికి ఎదురుగా ఒక బలమైన అభిప్రాయముంది. సంఘం శతాబ్దాలుగా లేఖనంగా స్వీకరించిన భాగాన్ని పాఠవిమర్శ ఆధారంగా పక్కన పెట్టే అధికారం విమర్శకునికి ఎక్కడిది? ఈ ప్రశ్న న్యాయమైనదే. ఏది ప్రామాణిక లేఖనమో నిర్ణయించడం సాహిత్యవిమర్శ పరిధిలోనిది కాదు. రచన ఎవరిదన్న ప్రశ్న, ప్రామాణ్యం ఎంతన్న ప్రశ్న వేర్వేరు. మార్కు రచన కాదని తేలినంత మాత్రాన ఆ భాగం విశ్వాసులకు విలువలేనిదైపోదు. అయితే అతుకును దాచడం ప్రామాణ్యానికి రక్షణ కాదు. 1881లో వెలువడిన ఇంగ్లీషు సవరణ అనువాదం 8వ వాక్యం తర్వాత కొంత ఎడం విడిచి, ప్రతుల భేదాన్ని అంచున తెలిపింది. భాగం నిలిచింది, అతుకు కూడా కనిపించింది.

7. ముగింపు:

పై పరిశీలన ఆధారంగా ఈ క్రింది అంశాలను ప్రతిపాదించవచ్చు.

1. 16:8తో ఆగే పాఠం అసంపూర్ణంగా తోచినా, మార్కు కథనంలోని ఆజ్ఞల తారుమారు, పలాయనాల వరుస, నెరవేరిన ప్రవచనాల క్రమం దానిని అర్థవంతమైన ముగింపుగా నిలబెడుతున్నాయి.

2. స్త్రీల మౌనాన్ని స్త్రీదోషంగా బోధించడానికి పాఠంలో ఆధారం లేదు. అందరికన్నా ఎక్కువసేపు నిలిచినవారు వారే. వారి భయం విస్మయమూలకం.

3. దీర్ఘ, హ్రస్వ ముగింపులు తొలి పాఠకుల వ్యాఖ్యానాలు. వాటిని తొలగించనవసరం లేదు. పూరణలుగా గుర్తించి చదవాలి.

4. తెలుగు ముద్రణలలో 8వ వాక్యం తర్వాత ఎడం విడిచి, సామాన్య పాఠకునికి తెలిసే భాషలో ప్రతుల భేదాన్ని వివరించే గమనిక ఇవ్వడం అవసరం. 8వ వాక్యపు అనువాదంలో భయం చివర నిలిచే అవకాశాన్ని అనువాదకులు పరిశీలించాలి.

మార్కు మౌనాన్ని భరించలేక తొలి శతాబ్దాల పాఠకులు దానిని పూరించారు. వారి ఆరాటం అర్థం చేసుకోదగినది. నేటి పాఠకుడు వారి పూరణను చదివే ముందు 8వ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగగలిగితే, ఆ పూరణ ఎందుకు అవసరమైందో అతనికి బోధపడుతుంది.